అప్పటికే సారు

ఆయన్ని చూసి రావడానికి శనివారం ఆదోనికి పోదామని లెక్క వేసుకున్నాను. శుక్రవారం ఎమ్మిగనూరు బస్టాండులో, ఆ దారిలో తిరిగే కండక్టరు ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మీ సారు పోయినాడు కదప్పా, నీకు తెల్లేదా?" అన్నాడు.

"ఎప్పుడు?"

"తొమ్మిది దినాలాయె."

నిలబడిన చోటే వేళ్లు మడిచాను. పోయిన వారం బుధవారం. అంటే ఆదివారం నాడు నేను మా ఆవిడతో, "శనివారం పోయి సారును చూసి వస్తా, చలి ముదిరితే ఆయనకు ఆయాసం ఎక్కువవుతుంది" అని చెప్పేసరికి ఆయన పోయి నాలుగు రోజులు. నేను ముందుకు లెక్క పెడుతున్నాను. జరగాల్సింది వెనకాల జరిగిపోయి ఉంది. ఆ నాలుగు రోజుల సందుకు గ్రీకు భాషలో ఒక మాట ఉందని నాకు చెప్పింది ఆయనే.

ఆయన పేరు రాయను. ఆదోనిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడనూ లేదు. అందరికీ ఆయన 'అప్పటికే సారు'. చిన్న బడిలో పంతులుగా చేసి మానుకున్నాడు. కుర్రతనంలో ఎవరో ఒక పాదిరి దగ్గర గ్రీకు అక్షరాలు నేర్చుకుని, ఆ తర్వాత ఒక్కడే కూర్చుని మిగతాది నేర్చుకున్నాడు. పాత గ్రీకు. ఇప్పుడు ఎవరూ ఇంట్లో మాట్లాడనిది. అందులో కూడా అన్ని మాటలూ ఆయనకు అక్కర్లేదు. ఒక్క మాట వెనక పడ్డాడు. 'ఏడే' అని దాన్ని పలికేవాడు.

"పొద్దస్తమానం ఏడే ఏడే అంటాడు, గడియారం సూస్తే తొమ్మిదైంటాది," అనేవాడు ఆయన వీధి చివర టీ బంకు ఆయన. సారుకు వినబడేలాగే అనేవాడు. సారు నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు కాదు. బంకు దగ్గరికి వచ్చి చూపుడు వేలు చెక్క మీద ఆనించి నిలబడేవాడు. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆయన వేలు అలా ఎక్కడో ఒకచోట ఆనుతుంది, గాలికి కాగితం ఎగిరిపోకుండా నొక్కి పట్టినట్టు.

"టీ ఎంతసేపప్పా?"

"ఐదు నిమిషాలు సార్."

"నీ ఐదు నిమిషాలు నాకొద్దు. ఇంతవరకు ఏమేమి అయిందో అది సెప్పు."

"పాలు కాగినాయి. ఆకు వెయ్యాల."

"ఆకు వెయ్యలేదా?"

"లేదు సార్."

"అయితే ఒక సుట్టు తిరిగొస్తా," అని పోయేవాడు. ఇంకోరోజు ఆకు వేశానని చెబితే కూర్చునేవాడు. ఈ సంభాషణ నేను ఇరవై సార్లయినా విన్నాను. ఎన్నడూ ఆయన 'ఎంతసేపట్లో' అన్నదానికి వచ్చిన జవాబును నమ్మలేదు. కానీ ముందు అదే అడిగేవాడు.

నేను చేసే పని వానకొలత. ఆఫీసు ఆవరణలో ఉన్న కొలపాత్రలో రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి రాయాలి. పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కూలి పనులకు పోయే మా ఇంట్లో, అంకెలు కలిపితే ఒక దారి కనబడుతుందన్న సంగతి చిన్నప్పుడే నాకు పెద్ద ధైర్యంగా తోచింది. ఆఫీసు పుస్తకం కాక నా సొంత నోటు పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. మా చుట్టుపక్కల మెట్ట పల్లెల రైతులు వచ్చి, "ఎప్పుడు పడుతుందప్పా?" అని అడిగితే పాత ఏండ్ల సగటు తీసి చెబుతాను. కొన్నిసార్లు పడుతుంది.

ఆయన నాకు పరిచయమైంది బస్సులో. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు వస్తున్నాను. ఒడిలో పుస్తకం పెట్టుకుని ఆ వారం అంకెలు కూడుతున్నాను. పక్కన కూర్చున్న బక్కపలచటి ముసలాయన వంగి చూసి, "అవి పడిన వానలా, పడబోయే వానలా?" అన్నాడు.

"పడినవే సార్. వీటిని బట్టి పడబోయేవి చెప్తాను."

"పడినవి యాడికి పోయినాయో సూసినావా?"

"అంటే?"

"మన్ను తవ్వి సూసినావా అంట. జానెడు లోతు తవ్వితే తెలుస్తాది కదా, లోపల తేమ ఉండాదో ఆరిపోయిందో."

తవ్వలేదు. అన్నేళ్లలో ఎప్పుడూ తవ్వలేదు. పాత్రలోకి చూడడమే నా పని అనుకున్నాను.

ఆయన సంచిలో నుంచి ఒక చీటీల కట్ట తీశాడు. పెండ్లి పత్రికలను సమానంగా కత్తిరించి, తెల్లగా ఉన్న వైపు రాసుకున్న చీటీలు. ఒక్కొక్క చీటీ మీద ఆ గ్రీకు మాట వచ్చిన వాక్యం ఒకటి, కింద తెలుగు. సువార్తల్లోవి, పాత నాటకాల్లోవి, యుద్ధాల కథల్లోవి. వెనక్కి తిప్పితే సగం తెగిన ముహూర్తాలు, పెండ్లికూతుళ్ల పేర్లు. కట్టకు నూలు దారం.

"నూన్ అని ఒక మాట ఉండాదప్పా గ్రీకులో," అన్నాడు, నేను అడగకుండానే. "అంటే ఇప్పుడు. అది గోడ మీద గడియారం సూసి సెప్పొచ్చు. ఏడే అట్ల కాదు. మనిషిని సూసి సెప్పాల. వాడు 'ఇంకా టైముంది' అనుకుంటాంటాడు. ఆడ పని అయిపోయి ఉంటాది. ఆ రెండిటి నడుమ సందు ఉంటాది సూడు, దాని పేరు."

"తెలుగులో ఏమంటాం సార్?"

"జరిగిపోయిన కథలో అయితే అప్పటికే. ఈ పొద్దు సంగతైతే ఇప్పటికే. నమ్మలేకపోతే 'అప్పుడేనా!' అంటాం. పని సెప్పేటప్పుడు 'ఇంక' అంటాం. ఇంక లేయ్, ఇంక సాలించు. వాళ్లకు ఒకటే మాట, మనకు నాలుగు."

నాకు తెలిసిన దారిలో నేను దాన్ని పట్టుకున్నాను. "అయితే అది మైనస్ గుర్తు సార్. ఆరు గంటలకని నేననుకుంటే నాలుక్కే అయిపోయింది. తేడా మైనస్ రెండు."

ఆయన వేలు ముందు సీటు కడ్డీ మీద ఆగిపోయింది. తర్వాత ఒక ఖాళీ చీటీ తీసి, కుదుపుల మధ్య వంకర టింకరగా 'మైనస్' అని రాసుకున్నాడు. "ఎన్నో ఏండ్లుగా దీంతో కుస్తీ పడతాండా. నువ్వు బస్సులో కూసోని ఒక్క గీత గీసి పారేస్తివి," అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు. దిగేటప్పుడు మాత్రం నా ఇల్లు ఎక్కడో అడిగాడు.

అప్పటి నుంచి ప్రతి గురువారం మా ఇంటికి వచ్చేవాడు. ఆ రోజు ఎమ్మిగనూరు పక్క పల్లెలో ప్రార్థన కూటం ఒకటి ఉండేది. అక్కడికి పోయే ముందు మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని మజ్జిగ తాగేవాడు. చాలా నెమ్మది మనిషి. చెప్పులు విప్పడానికి ఆయనకు పట్టే సమయంలో మా పాప రెండు ఎక్కాలు అప్పజెప్పేది. గ్లాసు తీసుకుంటే ముందు చేత్తో పట్టుకుని చల్లగా ఉందో లేదో చూసేవాడు, తర్వాత వాసన, ఆ తర్వాతే గుక్క. మా ఆవిడ నవ్వేది. "సార్, మజ్జిగ తాగేలోపల పెరుగైపోతాది," అనేది.

"అయిపోయి ఉంటే నాకు ముందే తెలుస్తాదమ్మా," అనేవాడు.

ఒక గురువారం నేను అడిగాను, లోకంలో ఇన్ని మాటలుంటే ఇదొక్కటే ఎందుకు పట్టుకున్నారని. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మంచి మాటే అప్పా. పంట పండిందంటే వాడతారు. పెండ్లివారు వచ్చేసినారంటే వాడతారు. కానీ నాకు అది కండ్ల పడినప్పుడల్లా వెన్ను సల్లగైతాది. పాము సంగతే సూడు. ముందర పడగెత్తితే మనం ఎగిరి దూకుతాం. ఈ మాట అట్ల రాదు. కరిసి పోయినాక సెప్తాది."

గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన్ని అలా కరిచి పోయినదేమిటో నేను అడగలేదు.

నాలుగేళ్ల కిందట, వానలు ఆగిన కొత్తలో, మా పాపకు జ్వరం వచ్చింది. తొమ్మిదేళ్లు దానికి. మాకు ఒక్కతే.

ఆదివారం నూటమూడు. సోమవారం నూటనాలుగు. మంగళవారం రక్తం తీసి డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు లక్షా నలభై రెండు వేలు. బుధవారం ఉదయం తొమ్మిదికి మళ్లీ తీస్తే లక్షా పదివేలు. ఎమ్మిగనూరులో మేము చూపించే డాక్టరు నిదానంగా అన్నీ చెప్పాడు. ఇరవై వేలకు దగ్గరైతే కర్నూలుకు తీసుకుపొమ్మన్నాడు. నీళ్లు బాగా తాగించమన్నాడు. జ్వరం దిగినాకే చాలా జాగ్రత్తగా చూసుకోవాలి, కడుపునొప్పి అన్నా, వాంతులైనా, కాళ్లు చేతులు చల్లబడినా ఆగకుండా రండి అన్నాడు.

ఇరవై వేలు అన్నది నేను పుస్తకంలో రాసుకున్నాను. మిగతా దాంట్లో అంకె లేదు కాబట్టి రాసుకోలేదు.

ఇంటికొచ్చి గళ్ల కాగితం మీద గీత గీశాను. రోజుకు ముప్ఫైరెండు వేలు పడుతున్నాయి. లక్షా పదివేల నుంచి ఇరవై వేలకు రావాలంటే తొంభై వేలు పడాలి. భాగిస్తే అరవై ఏడున్నర గంటలు. బుధవారం తొమ్మిది నుంచి లెక్కపెడితే శనివారం తెల్లవారుజామున నాలుగున్నర. శుక్రవారం సాయంత్రం కర్నూలుకు బయలుదేరితే చాలు. చేతిలో సగం రోజు మిగులుతుంది. ఆ గీత చూస్తే భయం కొంచెం తగ్గేది. అందుకని చూస్తూనే ఉన్నాను.

గురువారం తెల్లారేసరికి థర్మామీటరులో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. మూడుసార్లు పెట్టి చూశాను. మా ఆవిడను గట్టిగా పిలిచాను. "దిగింది! సూడు, దిగింది!"

ఆమె పాప పక్కన కూర్చుని ఉంది. థర్మామీటరు వైపు చూడలేదు. "కాళ్లు సల్లగుండాయి," అంది.

"జ్వరం దిగితే సల్లగానే ఉంటాయి కదా."

"కడుపు నొప్పంటాంది. రెండు తూర్లు కక్కింది."

"నాలుగు రోజులు ఏమీ తినలేదు. కడుపు కాలుతోంది. ఇదిగో, కాగితం సూడు. శనివారం దాకా..."

"నీ కాగితం నీళ్లు తాగుతుందా?" అంది ఆమె. "పాప తాగలా."

తొమ్మిదికి మళ్లీ రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు రెండింటికి వస్తుందన్నారు. నా గీత ప్రకారం డెబ్భై ఎనిమిది వేలు ఉండాలి. దానికన్నా తక్కువ వస్తే అప్పుడే కర్నూలు, ఎక్కువ వస్తే సాయంత్రం దాకా చూద్దాం అనుకున్నాను. పాప ఒక పక్కకు తిరిగేది, వెంటనే రెండో పక్కకు తిరిగేది, ఎక్కడా కుదురుగా లేదు. జ్వరం పోయింది కదా, ఆడుకోవాలనిపిస్తోందేమో అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

పన్నెండున్నరకు సారు వచ్చాడు. గురువారం కదా. వసారాలో చెప్పులు విప్పబోతూ మా ఆవిడ ముఖం చూసి ఆగాడు.

"జ్వరం దిగింది సార్," అన్నాను నేను, కాగితం చేతికిస్తూ. "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. శనివారం దాకా మనకు..."

ఆయన కాగితం తీసుకోలేదు. చెప్పులతోనే లోపలికి వచ్చాడు. ఆయన అలా రావడం అదే మొదటిసారి. మంచం దగ్గర కింద కూర్చుని పాప అరికాలు రెండు చేతులతో పట్టుకున్నాడు, మజ్జిగ గ్లాసు పట్టుకున్నట్టు. తర్వాత చెయ్యి. తర్వాత మళ్లీ కాలు.

"సెమట పట్టి సల్లగుండాది," అన్నాడు. "అమ్మా, పాప ఒంటికి ఎప్పుడు పోయింది?"

మా ఆవిడ నా వైపు చూసింది. "నిన్న సాయంత్రం సార్. రాత్రి పోలా. ఈ పొద్దు పోలా."

"రిపోర్టు రెండింటికి వస్తుంది సార్," అన్నాను. "అది చూసి..."

"ఏం కాబోతాందో నన్ను అడగొద్దు," అన్నాడు. ఇంతవరకు వినని గొంతు. "ఏం అయిపోయిందో సూడు! కాలు సూడు, పెదిమలు సూడు! నీ శనివారం దీని ఒంట్లో ఎప్పుడో వచ్చేసిందప్పా! లేయ్!"

నేను కదల్లేదు. నిజంగా కదల్లేకపోయాను. మజ్జిగ తాగడానికి పావుగంట పట్టే మనిషి, ఆయాసంతో రొప్పుతూ వీధిలోకి పరుగెత్తాడు. మా వరసలో బాడుగ కారు నడిపే ఆయన తలుపు రెండు చేతులతో బాదడం వినిపించింది. "అన్నం తింటాండా సార్," అని లోపల నుంచి గొంతు. "సెయ్యి కడుక్కోని రా, కడుక్కోకున్నా రా!" అని ఈయన.

ఎమ్మిగనూరు డాక్టరు దగ్గర రెండు నిమిషాలు ఆగాం. ఆయన కారు దగ్గరికే వచ్చి, పాప చెయ్యి పట్టుకుని చూసి, సెలైన్ సీసా ఒకటి ఎక్కించి, ఒక నర్సును కూర్చోబెట్టి, "ఆగకుండా పోండి" అన్నాడు. సీసాను సారు పైకెత్తి పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఖాళీగా ఉన్న చెయ్యి మాత్రం పాప పాదాన్ని వదల్లేదు.

కర్నూలు అరవై పైచిలుకు కిలోమీటర్లు. నేను ముందు సీట్లో కూర్చుని రాళ్లు లెక్కపెడుతున్నాను. వేగం ఎంత, ఎన్ని నిమిషాలు, ఎద్దుల బండి అడ్డం వస్తే ఎంత పోతుంది. బుర్ర దానంతటది తిరుగుతోంది, ఆపడం నా వల్ల కాలేదు.

"నాయనా, ఇంకెంత దూరం?" అంది పాప వెనక నుంచి. సన్నటి గొంతు.

ఎప్పుడు ఏది అడిగినా అంకె చెప్పేవాణ్ణి దానికి. ఆ రోజు వెనక్కి తిరిగి చూశాను. దాని పెదవుల రంగు చూశాను.

"గూడూరు దాటినాం బంగారూ," అన్నాడు సారు. "దాటేసినాం. అది అయిపోయింది."

రెండు గంటలకు నా ఫోను మోగింది. రక్తపరీక్ష వాళ్లు. "ఎనభై ఒక్క వేలు అన్నా," అన్నారు. నా గీత కన్నా మూడు వేలు ఎక్కువ. ఇంట్లోనే ఉండి ఉంటే సంతోషపడి ఉండేవాణ్ణి. పాపను వెచ్చగా కప్పి, సాయంత్రం దాకా చూద్దామని ఆగేవాణ్ణి. కారులో ఆ అంకెకు భయపడినంతగా నా జీవితంలో ఏ అంకెకూ భయపడలేదు.

కర్నూలు ఆసుపత్రిలో పాపను లోపలికి తీసుకుపోయారు. బీపీ చూసిన పడుచు డాక్టరు, పైదానికి కిందిదానికి తేడా పద్నాలుగే ఉందని, ఇరవైకి పైన ఉండాలని పక్కవాళ్లకు చెప్పింది. నా వైపు తిరిగి, "ఎంతసేపైంది ఇట్లా ఉండి?" అని అడిగింది. నేను గళ్ల కాగితం తీసి చాపాను. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. "తెల్లారి నుంచి," అంది మా ఆవిడ. "తెల్లారినప్పటి నుంచి మేడమ్." డాక్టరు లోపలికి పోయింది.

వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. నేను సారును అడిగాను, "బతుకుతుందా సార్?"

"తెల్లేదప్పా," అన్నాడు. చూపుడు వేలు బెంచీ మీద ఆనించాడు.

ఒక నర్సు తలుపు తెరుచుకుని బయటికి వచ్చి, మమ్మల్ని దాటి పోయింది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు సారు కళ్లు మూసుకున్నాడు. ఇంకోసారి తెరుచుకుంది. మళ్లీ మూసుకున్నాడు. మూడోసారి తెరుచుకునేలోపల లేచి నిలబడ్డాడు.

"నాకు ఈడ కూసునేది సేతకాదు," అన్నాడు. "నేను పోతాండా. ఆదోని బస్సు ఉంటాది."

"సార్, ఇప్పుడా?"

"కోపం సేసుకోవద్దు. నాకు సేతకాదు."

నాకు కోపమే వచ్చింది. ఇక్కడి దాకా తెచ్చి వదిలేసి పోతున్నాడనిపించింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "పోనీ," అంది. ఆయన వరండా చివరి దాకా గోడ పట్టుకుని నడవడం చూశాను. వెనక్కి తిరగలేదు.

ఆ రాత్రి గురించి రాయలేను. శుక్రవారం మధ్యాహ్నం నర్సు వచ్చి పాప ఒంటికి పోసిందని చెప్పింది. ఎంత అని నేను అడగలేదు. ఆమే చెప్పింది, నాకు గుర్తులేదు. నేను లెక్కగట్టిన శనివారం నాలుగున్నర, వరండాలో తువ్వాలు పరుచుకుని నిద్రపోతుంటే దాటిపోయింది. శనివారం పొద్దెక్కాక పాప కళ్లు తెరిచి, పక్క మంచం పిల్ల తింటున్న బిస్కట్టు వైపు చూసింది. ఇంక భయం లేదని పెద్ద డాక్టరు అన్నాడు.

సారుకు ఎలా చెప్పడం? సారు ఫోను ఎప్పుడూ ఛార్జింగు లేకుండా గూట్లో పడి ఉంటుంది. ఎన్నిసార్లు చేసినా పలకలేదు. ఆదివారం మా ఆవిడను, ఆమె అక్కను పాప దగ్గర ఉంచి, నేనే బస్సెక్కి ఆదోనికి పోయాను.

మా పల్లెల వైపు ఒక పద్ధతి ఉంది. చావు కబురు చెప్పడానికి ఒక్కడు పోడు. ఇద్దరు పోతారు. ఒకడు చెబితే, విన్నవాళ్లు కూలిపోకుండా ఇంకొకడు పట్టుకోవాలని. అందుకే ఎవరైనా పొద్దుగాని పొద్దులో వాకిట్లోకి వస్తే, మా వాళ్లు ముందు వచ్చినవాళ్ల వెనక ఎవరున్నారో చూస్తారు. ఇది నాకూ తెలుసు. కానీ ఆ పొద్దు నాకు గుర్తుకు రాలేదు.

కోట కొండ కింది సందులో ఆయన గది. తలుపు తట్టాను. తెరిచాడు. మూడు రోజుల్లో ముఖం సగమైంది. గడ్డం మాసి ఉంది. నేను నోరు తెరవబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం సెప్పొద్దు."

నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. తర్వాత నా భుజం మీదుగా సందులోకి చూశాడు.

"నీ ఎంబడి ఎవరొచ్చినారు?"

"ఎవరూ లేరు సార్. ఒక్కణ్ణే."

ఆయన నమ్మలేదు. నన్ను పక్కకు జరిపి మెట్టు దిగాడు. గోడ పట్టుకుని సందు మలుపు దాకా నడిచాడు. అక్కడ నిలబడి ఈ పక్కకు చూశాడు, ఆ పక్కకు చూశాడు. టీ బంకు దగ్గర కూర్చున్న వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు, వాళ్లలో నా మనిషి ఎవడైనా ఆగి ఉన్నాడేమోనని. తిరిగి వచ్చేసరికి రొప్పుతున్నాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు.

చెప్పబోయాను. మూడు రోజులుగా ఏడవనివాణ్ణి, అక్కడ ఆ మెట్టు ముందు నిలబడి ఏడ్చేశాను. ఆయన ముఖం తెల్లబడింది. లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన చేతులు మంచులా ఉన్నాయి.

"బతికింది సార్," అన్నాను.

ఆయన నా చేతులు వదల్లేదు.

"ఇంకోతూరి సెప్పు," అన్నాడు.